సన్‌బోర్డ్ ముక్కలతో మాయాబజార్ ప్రియదర్శిని పెట్టె: ఇంట్లోనే, మొదటి నుంచి చివరి దాకా

ఈ ఎపిసోడ్‌లో మనం ఒక సినిమా ప్రాప్ చేస్తున్నాం. ప్రాప్ అనగానే మీలో సగం మంది కామెంట్లలో బాహుబలి కత్తి అడుగుతారని నాకు తెలుసు. కత్తి కూడా చేద్దాం, తొందరేం లేదు. ఈరోజు మాత్రం ఒక పెట్టె. మూత తీస్తే మనిషి కనిపించే పెట్టె. పేరు ప్రియదర్శిని.

మాయాబజార్ 1957 మార్చి 27న రిలీజైంది. అందులో ఈ పెట్టె ఎవరు తెరిస్తే వాళ్లకి బాగా ఇష్టమైనది చూపిస్తుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు కనిపిస్తాడు. బలరాముడు తెరిస్తే దుర్యోధనుడు. కృష్ణుడు తెరిస్తే ఎవరనుకున్నారు? శకుని! శశిరేఖ, అభిమన్యుడు దూరంగా ఉండి కూడా ఈ పెట్టెలో ఒకరినొకరు చూసుకుంటారు. ఇంకేం కావాలి, వీడియో కాలే కదా. సావిత్రి గారు ఆ మూత తెరిచి చూసినప్పుడు ముఖంలో వచ్చే మార్పు ఒక్కసారి పాజ్ చేసి చూడండి. మనం ఫోన్‌లో మనవాళ్ల ముఖం కనపడగానే పెట్టే ముఖం అదే.

ఇంకో సంగతి. ఈ సినిమా మన సీమకి బాగా దగ్గర. డైరెక్టర్ కె.వి.రెడ్డి గారిది తాడిపత్రి. చక్రపాణి గారితో కలిసి దీన్ని తీసిన నాగిరెడ్డి గారిది మన కడప జిల్లా. కళా దర్శకులు గోఖలే, కళాధర్. ఇందులో ద్వారకా నగరం చూపించడానికి దాదాపు 50 అడుగులకి 60 అడుగుల స్థలంలో 300 దాకా బుల్లి ఇళ్లు కట్టారని చెప్తారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ అనే మాటే లేని రోజులవి. మొత్తం చేతిపని. కాబట్టి 3డీ ప్రింటర్ లేదని, హైదరాబాద్‌లో లేమని ఆగిపోవాల్సిన పనేం లేదు.

ఈ పెట్టెనే ఎందుకు ఎంచుకున్నాను? రెండు కారణాలున్నాయి. మొదటిది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి పెట్టె కన్నా మంచి పాఠం లేదు. అన్నీ తిన్నని అంచులు, అన్నీ బల్లపరుపు ముక్కలు. షీటుతో చేసే పనికి కావాల్సిన కొలత, కోత, అతుకు, పుట్టీ, రంగు, ఐదూ ఇందులో వచ్చేస్తాయి.

రెండో కారణం మా అవ్వ. మా నాయన కువైట్‌లో డ్రైవర్. కడప, రాయచోటి, రాజంపేట వైపు ఈ మాట చెప్తే ఎవరూ ఆశ్చర్యపోరు, ప్రతి వీధిలో ఒకరైనా ఉంటారు. రోజూ రాత్రి మనకి 9 గంటలకి, అక్కడ 6:30కి, వీడియో కాల్ చేస్తాడు. అవ్వకి చేతులు వణుకుతాయి. ఫోన్ చేతికిస్తే వేలు తగిలి కాల్ కట్ అవుతుంది, లేకపోతే కెమెరా పైకి తిరుగుతుంది. నాయనకి వాళ్లమ్మ ముఖం కన్నా మా ఇంటి ఫ్యానే ఎక్కువ కనపడేది. పక్కన మేం పట్టుకుంటే, మాకు పనుందేమో అని ఆమెకి మొహమాటం. రెండు మాటలు మాట్లాడి ఇచ్చేసేది. ఈ మధ్య ఆ రెండు మాటలు కూడా మానేసింది. “నాకెందుకులే నాయనా, మీరు మాట్లాడుకోండి, బాగుండాడంట కదా” అని మంచం మీదే ఉండిపోయేది. నాకు ఇదే భయం వేసింది. ఆమెకి చూడాలని లేక కాదు కదా, ఆ ఫోన్ ఆమె చేతికి పనికొచ్చే వస్తువు కాదు, అంతే. కానీ మూత తీయడం ఆమెకి వచ్చు. వక్కాకు పెట్టె మూత ఆమె జీవితమంతా తీస్తానే ఉంది.

అందుకే మన ప్రియదర్శిని అల్మారాలో పెట్టుకునే బొమ్మ కాదు. మూతలో ఫోన్ కూర్చుంటుంది. తెరిస్తే నిజంగానే మనిషి కనపడాలి. ఈ ఒక్క షరతు గుర్తుపెట్టుకోండి, ముందు ముందు ప్రతి కొలతా దీన్నుంచే వస్తుంది.

ఇక సామాను. రెడీమేడ్ కిట్ లేకుండా, ఉత్త షీటు నుంచి, మనమే కొలిచి మనమే కోసి చేసేదాన్ని స్క్రాచ్ బిల్డ్ అంటారు. ప్రపంచమంతా ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఉన్నారు. సినిమావాళ్లు కూడా దొరికినదాంతోనే చేస్తారు. 1977లో వచ్చిన స్టార్ వార్స్‌లో హీరో లైట్‌సేబర్ పిడి, పాత కెమెరా ఫ్లాష్ పట్టుకునే గొట్టం. ఆ తెల్ల సైనికుల కవచాలు, ప్లాస్టిక్ షీటుని వేడి చేసి అచ్చు మీదికి గాలితో లాగి చేసినవి. తెర మీద ఎంత గొప్పగా కనపడినా, దగ్గరికెళ్తే అది షీటే.

మన షీటు పేరు సన్‌బోర్డ్. ఫోమ్ షీట్ అని కూడా అంటారు. లోపల సన్నటి గాలి బుడగలున్న పీవీసీ ఇది. పెళ్లిళ్లలో సెల్ఫీ ఫ్రేములు, పేర్ల అక్షరాలు, నాయకుల పుట్టినరోజు కటౌట్లు, అన్నీ దీంతోనే. ఒక ఫుల్ షీటు 8 అడుగులకి 4 అడుగులు ఉంటుంది. మనకి అంత అక్కర్లేదు. ఫ్లెక్స్ షాపుకో, బోర్డులు చేసే షాపుకో వెళ్లి కోతలో మిగిలిన ముక్కలు అడగండి. కర్నూలైనా, కడపైనా, ప్రొద్దుటూరైనా, మూల నిలబెట్టిన ముక్కలు ప్రతి షాపులో ఉంటాయి. 5 మిల్లీమీటర్ల మందం పెట్టె గోడలకి, 3 మిల్లీమీటర్లది నగిషీకి. థర్మకోల్ మాత్రం వద్దు. స్ప్రే పెయింట్ తగిలితే కరిగిపోతుంది. యాక్రిలిక్ షీటు అందంగా ఉంటుంది కానీ చేత్తో కోయడం కష్టం, పైగా దాన్ని అతికించడానికి కొన్ని షాపుల్లో క్లోరోఫారం వాడతారు. ఇంట్లో ఆ జోలికి పోవద్దు.

కొలతలకి వద్దాం. సినిమాలో వస్తువు సైజు ఎలా తెలుసుకోవాలి? స్క్రీన్‌షాట్ తీసి, ఆ వస్తువుని ఎవరైనా చేత్తో పట్టుకున్న ఫ్రేమ్ వెతకండి. పెద్దవాళ్ల అరచేయి వెడల్పు 8 సెంటీమీటర్లు అనుకుందాం. స్క్రీన్ మీద స్కేలు పెడితే అరచేయి 1 సెంటీమీటరు, వస్తువు 4 సెంటీమీటర్లు వచ్చిందా, అసలు వస్తువు దగ్గర దగ్గర 32. అయితే చెయ్యి ఆ వస్తువుకి ఆనుకునే ఉండాలి. చెయ్యి కెమెరాకి దగ్గరగా, వస్తువు వెనకాల ఉంటే లెక్క తప్పుతుంది, దగ్గరున్నది పెద్దగా కనపడుతుంది కదా. ఈ కిటుకు కత్తికీ, కిరీటానికీ, గదకీ అన్నిటికీ పనికొస్తుంది.

మన పెట్టెకి ఇంకో కొలత కూడా ఉంది, ఫోన్. మా పాత ఫోన్ పొడవు పదహారున్నర సెంటీమీటర్లు, వెడల్పు ఏడున్నర. దాన్ని నిలువుగా పెట్టాలి. అప్పుడే కెమెరా పైన మధ్యలోకి వస్తుంది, అవతలి మనిషి ముఖం కూడా నిండుగా కనపడుతుంది. అందుకని పెట్టె 30 వెడల్పు, 20 లోతు, 12 ఎత్తు పెట్టుకున్నాను, మూత ఇంకో 4 ఎత్తు. అన్నీ సెంటీమీటర్లే.

ఇప్పుడు కోత పట్టిక రాసుకోండి. అడుగు ముక్క 30 బై 20, ఒకటి. ముందు గోడ, వెనక గోడ 30 బై 12, రెండు. పక్క గోడలు 20 బై 12 అనుకుంటున్నారా? ఆగండి. పక్క గోడలు ముందూ వెనకా గోడల మధ్యలో ఇరుక్కుంటాయి. ఒక్కో గోడ మందం అర సెంటీమీటరు. రెండు వైపులా తీసేస్తే 19. కాబట్టి పక్క గోడలు 19 బై 12. షీటు పనిలో సగం తలనొప్పులు ఈ మందం మర్చిపోవడం వల్లే వస్తాయి. మూతకి పై ముక్క 30 బై 20, అంచులు 30 బై 4 రెండు, 19 బై 4 రెండు. మొత్తం కలిపితే 2,768 చదరపు సెంటీమీటర్లు. ఫుల్ షీటులో పదో వంతు కూడా కాదు. అందుకే ముక్కలు చాలంటున్నా.

కోయడానికి మామూలు కట్టర్ చాలు, కానీ స్టీల్ స్కేలు తప్పనిసరి. ప్లాస్టిక్ స్కేలు పెడితే కట్టర్ దాన్నే కోసి మీ వేలి మీదికొస్తుంది. ఒకే దెబ్బకి తెగాలని గట్టిగా నొక్కొద్దు. మొదటి గీత తేలిగ్గా, రెండోది కొంచెం బలంగా, మూడోదానికి తెగిపోవాలి. గట్టిగా నొక్కితే బ్లేడు వంగుతుంది, అంచు ఏటవాలుగా వస్తుంది, అతికేటప్పుడు సందు పడుతుంది. పది కోతలకోసారి బ్లేడు కొన విరిచేయండి. స్కేలు పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ కోత దారికి పక్కనే, ఎదురుగా కాదు.

కింద ఏం పెట్టుకోవాలి? మన దగ్గర అందరి ఇళ్లలో ఉండేదే, కడప బండ. నేల మీదో, వంటింటి అరలోనో నున్నటి నల్ల బండ ఉంటుంది కదా, అతికించడానికి అంతకన్నా సమతలం ఉన్న బల్ల దొరకదు. దాని మీద నేరుగా కోయొద్దు, బ్లేడు మొద్దుబారుతుంది. పాత అట్ట వేసి కోయండి. చిన్న బండ ముక్కలుంటే దాచుకోండి, అతికించిన గోడలు కదలకుండా బరువుకి ఒకటి, చివర్లో ఇంకో పనికి ఒకటి కావాలి.

జిగురు దగ్గర మన ఊరి వాతావరణం లెక్కలోకి వస్తుంది. ఫెవిక్విక్ లాంటి జిగురు గాలిలో తేమతో గట్టిపడుతుంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్లలో టక్కున పట్టేస్తుంది. మనకి ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేమెక్కడుంది? వీడియోల్లో వాళ్లకి పది సెకన్లలో అతుక్కున్నది మనకి ఇంకా జారుతూనే ఉంటుంది. దానికి ఉపాయం ఉంది. ఒక వైపు జిగురు పెట్టండి, రెండో వైపు అంచుని తడిపి పిండేసిన గుడ్డతో ఒక్కసారి తుడవండి. నీళ్లు కారకూడదు, ఆవిరి పట్టినట్టు ఉంటే చాలు. మూలల్లో సందులుంటే వంటసోడా చల్లి మీద ఒక చుక్క జిగురు వేయండి, క్షణంలో రాయిలా అవుతుంది. ముఖం మాత్రం దూరంగా పెట్టుకోండి, వేడి, పొగ రెండూ వస్తాయి.

గోడలు గట్టిగా నిలవాలంటే పొలంలో బోరు పైపులకి పూసే పీవీసీ సొల్యూషన్ ఇంకా మంచిది. పైపు పీవీసీ, మన షీటూ పీవీసీ. అది రెండు అంచుల్నీ కొంచెం కరిగించి ఒకటిగా చేస్తుంది. సన్నటి పుల్లతో పల్చగా పూయండి, ఎక్కువైతే షీటులో బుడగలు కరిగి గుంట పడుతుంది. కిటికీలు తెరిచి, మంటకి దూరంగా చేయండి.

ముందు అడుగు ముక్క మీద వెనక గోడ, తర్వాత రెండు పక్క గోడలు, చివర్లో ముందు గోడ. ప్రతి మూలకీ ఒక నోటుబుక్కు మూల ఆనించి చూడండి, తిన్నగా ఉందో లేదో తెలిసిపోతుంది. మూత కూడా ఇలాగే. రెండూ ఆరే దాకా నీడలోనే ఉంచండి. ఇది మళ్లీ చెప్తున్నా, నీడలోనే. సన్‌బోర్డ్ 70, 80 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది, అంతకన్నా ముందే వంగడం మొదలవుతుంది. మనకి నీడలోనే 43, 44 వచ్చే రోజులుంటాయి. మిద్దె మీద ఎండలో నేల ఇంకెంత కాలుతుందో మీకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం మిద్దె మీద ఆరబెట్టిన మూత సాయంత్రానికి అప్పడంలా వంకర పోతుంది. రేకుల ఇంట్లో పైకప్పుకి దగ్గరగా అటక మీద పెట్టినా అంతే.

అదే వేడిని మనకి కావాల్సినట్టు వాడుకోవచ్చు కూడా. మూత అంచుకి కొంచెం వంపు కావాలంటే 3 మిల్లీమీటర్ల పట్టీని వేడి నీళ్లలో ముంచి, గ్లాసు చుట్టూ వంచి, చల్లారే దాకా పట్టుకోండి. ఆ వంపు అలాగే ఉండిపోతుంది.

ఇక నగిషీ. ఆళ్లగడ్డలో శిల్పులు రాయి చెక్కడం చూసినవాళ్లకి తెలుసు, వాళ్ల పని అక్కర్లేనిది తీసేయడం. షీటు పని దానికి తిరగేసినట్టు. మనం పొర మీద పొర కలుపుతూ పోతాం. 3 మిల్లీమీటర్ల షీటులో పెద్ద ఆకారం కోసి అతికించండి, దాని మీద అదే ఆకారం కొంచెం చిన్నది. రెండు పొరలు పడేసరికి దూరం నుంచి చెక్కినట్టే ఉంటుంది. సన్న తీగలకి గోరింటాకు కోన్ వాడండి. ఫెవికాల్‌లో గోడలకి పెట్టే పుట్టీ పొడి కలిపి, పెరుగంత చిక్కగా చేసి, ఖాళీ కోన్‌లో నింపండి. గోరింటాకు పెట్టినట్టే తీగలు, చుక్కలు గీయండి. ఇంట్లో అక్కనో చెల్లెలో ఉంటే ఈ పని వాళ్లకే ఇవ్వండి, మనకన్నా వంద రెట్లు బాగా చేస్తారు. మా ఇంట్లో తీగలన్నీ మా చెల్లెలివే. గాజుల అంగట్లో దొరికే రాళ్లు, తెగిపోయిన దండల పూసలు కూడా పనికొస్తాయి.

ఒక కిటుకు చెప్తాను, ఇది ఈ సినిమాకే ప్రత్యేకం. మాయాబజార్ బ్లాక్ అండ్ వైట్ సినిమా. రంగుల వెర్షన్ 2010లో వచ్చింది. అంటే ఆ ప్రాప్ చేసినవాళ్లు వెలుగు ఎక్కడ పడుతుంది, నీడ ఎక్కడ పడుతుంది అనే చూసుకుని ఉండాలి. మీరూ అదే చేయండి. రంగు వేయకముందు పక్క నుంచి లైటు వేసి, ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ పెట్టి ఫోటో తీయండి. తీగలు స్పష్టంగా కనపడితే సరే. కనపడకపోతే ఇంకో పొర వేయండి. బంగారు రంగు వేస్తే సర్దుకుంటుందిలే అనుకోవద్దు, రంగు నీడని పుట్టించలేదు.

రంగుకి ముందు 220 నంబర్ ఎమెరీ కాగితం, తర్వాత 400. మాస్క్ పెట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. ప్రైమర్ పల్చగా రెండు పొరలు. ఆ మీద నలుపు. అవును, బంగారానికి కింద నలుపే. గుంటల్లో నలుపు మిగిలితే బంగారం బరువుగా, పాతగా కనపడుతుంది. తెల్ల షీటు మీద నేరుగా బంగారం వేస్తే బొమ్మల కొట్టు కిరీటంలా ఉంటుంది.

స్ప్రే ఎప్పుడు చేయాలి? పొద్దున 6 గంటలకి. మధ్యాహ్నం వేడి గాలిలో రంగు తుంపర షీటుకి చేరేలోపే ఆరిపోయి, గరుకుగా ఇసుక చల్లినట్టు పడుతుంది. సాయంత్రం గాలి లేస్తే మన ఎర్రమట్టి మొత్తం పెయింట్ మీదే. పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లి, దుమ్ము అణిగాక, జానెడు కన్నా కొంచెం ఎక్కువ దూరం నుంచి పల్చగా వేయండి. బంగారం ఆరాక, గోధుమ రంగు యాక్రిలిక్ పెయింట్‌లో నీళ్లు కలిపి అంతా పూసి, వెంటనే గుడ్డతో తుడిచేయండి. గుంటల్లో మాత్రం మిగులుతుంది. పెట్టెకి ఒక్కసారిగా వయసొచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు పని, ఫోన్ కూర్చోబెట్టడం. మూత లోపలి వైపు, ఫోన్ చుట్టూ 5 మిల్లీమీటర్ల షీటు రెండు పొరలు అతికించండి. ఫోన్ మందం అందులో సరిపోతుంది, కవర్ తీసేసి పెట్టండి. మీద 3 మిల్లీమీటర్ల నగిషీ ఫ్రేమ్, మూలల్లో చిన్న అయస్కాంతాలతో. కావాలంటే ఊడదీయొచ్చు. ఫ్రేమ్ ఫోన్ అంచుల్ని కొంచెం కప్పొచ్చు కానీ పైన కెమెరాని, స్పీకర్‌ని కప్పకూడదు. కింద కబ్జాల వైపు ఒకటిన్నర సెంటీమీటర్ల ఖాళీ వదలండి, కింది స్పీకర్ శబ్దం బయటికి రావాలి, ఛార్జర్ వైరు పోవాలి. వెనక వేడి పోవడానికి మూత మీద జాలీ కోయండి. చూసేవాళ్లకి అది నగిషీ, ఫోన్‌కి కిటికీ. ఛార్జింగ్ పెట్టి మూత మూసేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, బ్యాటరీ వేడెక్కుతుంది.

కబ్జాల మేకులు సన్‌బోర్డ్‌లో నిలవవు, నాలుగు రోజులకి ఊడొస్తాయి. లోపల సన్న చెక్క పట్టీ అతికించి, దానికి బిగించండి. మూత నిలువు కన్నా కొంచెం వెనక్కి వాలి ఆగేలా రెండు పక్కలా చిన్న గొలుసు కట్టండి. ఫోన్ బరువుకి పెట్టె వెనక్కి తూలకుండా, ముందు గోడ పక్కన లోపల అడుగున దాచుకున్న కడప బండ ముక్క అతికించి, మీద ఎర్ర మఖ్మల్ గుడ్డ పరవండి. అవ్వ చెయ్యి విసురుగా తగిలినా పెట్టె కదలకూడదు.

ఇక్కడ కొందరు అడుగుతారు. రెప్లికా అంటే అచ్చు సినిమాలో ఉన్నట్టే ఉండాలి కదా, ఫోన్ పెట్టావు, జాలీ పెట్టావు, వైరు పెట్టావు, ఇదేం రెప్లికా అని. మంచి ప్రశ్నే. నేను చూసిందేంటంటే, ఆ సీన్లలో మన కళ్లు పెట్టె తీగల మీద ఉండవు. తెరిచిన మనిషి ముఖం మీద ఉంటాయి. ఆ ప్రాప్ చేసే పని అది. ఆ పని సరిగ్గా జరిగితే తీగ ఒకటి అటూ ఇటూ అయినా అది ప్రియదర్శినే. ఆ పని జరగకపోతే, తీగలన్నీ అచ్చు గుద్దినా అది ఉత్త పెట్టె. మీరు చేసేది కత్తైనా, కిరీటమైనా ముందు ఈ ప్రశ్న వేసుకోండి. ఈ వస్తువు ఆ సీన్‌లో ఏం చేసింది? దాన్ని మాత్రం వదలొద్దు, మిగతాది మీకు దొరికే సామానుని బట్టి, మీ ఇంటిని బట్టి మార్చుకోండి.

మా ఇంట్లో ఏమైందో చెప్తాను. పెట్టెని ఎత్తుపీట మీద పెట్టి, అవ్వ ముఖానికి ఎదురుగా లైటు ఉండేలా చూశాం. వెనక లైటుంటే ముఖం నల్లగా వస్తుంది. కాల్ కలిపి, మూత మూసి, “అవ్వా, తెరువు” అన్నాను. తెరిచింది. నాయన అటు నుంచి “అమ్మా, ఇప్పుడు కనపడతాండావు” అన్నాడు. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పట్టుకోవాల్సిందేం లేదు కదా. ఆ రోజు కాల్ నలభై నిమిషాలు. వాన పడిందా, బుడ్డలు వేశారా, ఎవరి పెండ్లయింది, ఎవరు పోయారు, అన్నీ ఆమే చెప్పింది. ఇప్పుడు 9 కాకముందే పీట దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. మేం కాల్ కలిపితే చాలు. మాటలయ్యాక మూత ఆమే వేస్తుంది.

ఖర్చు అడుగుతారు కాబట్టి, షీటు ముక్కలు ఊరికే దొరికాయి, రంగులు, జిగుర్లు, కబ్జాలు, రాళ్లు అన్నీ కలిపి నాకు 800 లోపే అయింది. రోజూ రెండు గంటలు చొప్పున వారం పట్టింది. మిగిలిన ముక్కల్ని మంటలో మాత్రం వేయొద్దు. పీవీసీ కాలితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ గొంతునీ, ఊపిరితిత్తుల్నీ దెబ్బ తీస్తుంది. దాచిపెట్టుకోండి, నగిషీకి పనికొస్తాయి.

మీ ఇంట్లో కూడా ఎవరైనా కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, బెంగళూరులోనో ఉండి, ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్ పట్టుకోవడం కష్టంగా ఉంటే, ఈ సెలవుల్లో ఒకటి చేసి పెట్టండి. మీ ఫోన్ పొడవు, వెడల్పు కామెంట్‌లో రాస్తే దానికి తగ్గ కోత పట్టిక నేను లెక్కేసి ఇస్తాను. వచ్చే ఎపిసోడ్‌లో మీరడిగిన కత్తి చేద్దాం, అదే సన్‌బోర్డ్‌తో, పదును లేకుండా. స్టీల్ స్కేలు ఇప్పుడే కొనిపెట్టుకోండి. ఉంటాను ఫ్రెండ్స్.